రూట్ 66 మీద ఒక్క రాత్రి ఆగాలంటే ఏ ఊరు మంచిది?

లాస్ వేగస్ నుంచి గ్రాండ్ కేన్యన్‌కి కారులో వెళ్ళే మన కుటుంబాలు చాలావరకు ఒకటే పద్ధతిలో వెళ్తాయి. తెల్లవారకముందే లేచి, పులిహోర డబ్బా, మంచినీళ్ళ బాటిళ్ళు డిక్కీలో పెట్టుకుని బయల్దేరతారు. హూవర్ డ్యామ్ దగ్గర ఫొటోలు, కింగ్‌మన్‌లో పెట్రోలు, ఆ తర్వాత ఐ-40 అనే పెద్ద హైవే ఎక్కారంటే కేన్యన్ దక్షిణపు అంచు సౌత్ రిమ్ దాకా ఆగేది లేదు. ఆ ఐ-40కి కొన్నిచోట్ల కూతవేటు దూరంలో, కొన్నిచోట్ల కొండల వెనగ్గా ఇంకో రోడ్డు సాగుతూ ఉంటుంది. అదే రూట్ 66. దాని మీద ఉన్న ఊళ్ళు అమెరికాలో నేను అన్నిటికన్నా ఇష్టపడే ఊళ్ళు. వాటి పక్కనుంచే గంటకి 75 మైళ్ళ వేగంతో వెళ్ళిపోయేవాళ్ళని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ రోడ్డు 1926 నవంబరు 11న పుట్టింది. షికాగోలో మొదలై ఎనిమిది రాష్ట్రాలు దాటి, దాదాపు 2,400 మైళ్ళు నడిచి, లాస్ ఏంజెలిస్ పక్కనున్న శాంటా మోనికా దగ్గర సముద్రం చూస్తుంది. 1938 కల్లా మొత్తం పక్కా రోడ్డు అయింది. 1930లలో ఓక్లహామా వైపు కరువూ దుమ్ము తుఫాన్లూ వచ్చి పొలాలు పోగొట్టుకున్న రైతులు సామాన్లన్నీ పాత కార్ల మీద కట్టుకుని కాలిఫోర్నియాకి వలస వెళ్ళింది ఈ దారినే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, కారు కొనుక్కోగలిగిన ప్రతివాడూ సెలవులకి బయల్దేరిందీ ఈ దారినే. 1956లో ఐ-40 లాంటి ఇంటర్‌స్టేట్ హైవేలు వేసే చట్టం వచ్చింది. కొత్త రోడ్లు ఊళ్ళలోకి రాకుండా బయటినుంచి వెళ్ళాయి. ఒక్కో ఊరికి ఒక్కో రోజు బండ్లు రావడం ఆగిపోయింది. చివరికి 1985 జూన్‌లో రూట్ 66ని అధికారిక జాబితాలోంచే తీసేశారు.

ఏ ఊరు చూడాలి అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ఐదు ఊళ్ళలో పావుగంట చొప్పున ఆగొద్దు. ఒక్క ఊరు ఎంచుకోండి, అక్కడ రాత్రి పడుకోండి. ఈ ఊళ్ళు బతికిందే పొద్దుగూకే వేళకి వచ్చే బాటసారుల మీద. ఎడారి ఎండలో రోజంతా బండి నడిపి అలిసిపోయినవాడికి మైలు దూరం నుంచే కనబడాలని ఆ నియాన్ బోర్డులు పెట్టారు. అదే బోర్డుని మిట్టమధ్యాహ్నం చూస్తే రంగు వెలిసిన రేకు ముక్క. పగలు టూరిస్టు బస్సులు దిగినప్పుడు ఊరంతా గిఫ్టు షాపులే అనిపిస్తుంది. ఆ బస్సులు వెళ్ళిపోయాక, దుకాణదారులు కుర్చీ బయట వేసుకుని కూర్చున్నాక, ఊరు ఊరులా కనబడుతుంది.

మరి ఏ ఊరు? అది మీ వెంట ఎవరున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఆరిజోనాలో నాలుగు చోట్లు పోల్చి చెప్తాను: విలియమ్స్, సెలిగ్‌మన్, ఓట్‌మన్, విన్‌స్లో. డాలస్‌లోనూ షికాగోలోనూ ఉండేవాళ్ళ కోసం చివర్లో ఇంకో రెండు.

పిల్లలతో వెళ్తే విలియమ్స్

ఈ దారిలో ఇంటర్‌స్టేట్ పక్కకి తప్పించిన ఆఖరి ఊరు విలియమ్స్. 1984 అక్టోబరు 13న ఇక్కడ ఐ-40 తెరిచారు. అప్పటిదాకా లారీలన్నీ ఊరి మధ్యలోంచే వెళ్ళాయి. అంత ఆలస్యంగా పోయింది కాబట్టే పాత మోటెళ్ళు, డైనర్లు, ఇటుక భవనాలు కూలిపోకుండా మిగిలాయి. ఇంకో బలం కూడా ఉంది. గ్రాండ్ కేన్యన్ సౌత్ రిమ్‌కి ఇక్కడినుంచి 60 మైళ్ళే, గంట ప్రయాణం. రోడ్డు పోయినా కేన్యన్ ఎక్కడికీ పోలేదు, అందుకని ఊరికి జనం వస్తూనే ఉన్నారు.

పిల్లలకి ఇక్కడ అసలు ఆకర్షణ రైలు. 1901లో విలియమ్స్ నుంచి కేన్యన్ అంచుకి రైలు వేశారు. కార్లు పెరిగాక ఎక్కేవాళ్ళు లేక 1968లో ఆపేశారు, మళ్ళీ 1989లో మొదలుపెట్టారు. ఉదయం బయల్దేరి రెండుంబావు గంటల్లో కేన్యన్ చేరుస్తుంది, సాయంత్రానికి వెనక్కి తెస్తుంది. ఎక్కేముందు స్టేషన్ పక్కన కౌబాయ్‌ల తుపాకీ నాటకం ఉంటుంది. తిరుగు ప్రయాణంలో గుర్రాల మీద దొంగలు వచ్చి రైలు ఆపినట్టు నటిస్తారు. ఐదేళ్ళ నుంచి పదేళ్ళ మధ్య పిల్లలకి కేన్యన్ కన్నా ఆ దొంగలే ఎక్కువ గుర్తుంటారు. మరీ చిన్నపిల్లలైతే తుపాకీ చప్పుడుకి భయపడతారు, ముందే చెప్పి తీసుకెళ్ళండి.

అయితే రైలు అందరికీ కాదు. కేన్యన్ దగ్గర మూడు నాలుగు గంటలే దొరుకుతాయి. సూర్యోదయమో సూర్యాస్తమయమో చూడాలనుకుంటే రైలు కుదరదు, కారే దిక్కు. నలుగురి టికెట్లు కలిపి చూస్తే ఖర్చు కూడా బాగానే తేలుతుంది. పార్కింగ్ టెన్షన్ లేకపోవడం, దారిలో నిద్రపోయే వీలు ఉండటం మాత్రం నిజమైన లాభాలు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా సలహా కారే. రెండోసారి, పిల్లల సరదా కోసం అయితే రైలు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వెళ్తే ఇంకో మాట. 2026 నుంచి విదేశీ సందర్శకులకి పార్కు ఫీజు నియమాలు మారాయి, బయల్దేరేముందే నేషనల్ పార్క్ సర్వీస్ సైటులో చూసుకోండి.

ఊళ్ళో సాయంత్రం నడవడానికి ఆరేడు వీధుల మేర బాగుంటుంది. నియాన్ బోర్డులు వెలుగుతాయి, ఎక్కడో ఓ చోట గిటారు వాయిస్తూ ఉంటారు, ‘పై’ అనే తీపి వంటకం అమ్మే హోటల్ ముందు అద్దాల బీరువాలో పదిరకాలు వరసగా కనబడతాయి. ఊరి తూర్పు చివర బేరిజోనా అనే చోట ఎలుగుబంట్లనీ తోడేళ్ళనీ మన కారులో కూర్చునే చూడొచ్చు. ఇన్ని ఉన్నాయి కాబట్టే విలియమ్స్‌కి ఓ లోపం ఉంది: ఇది పూర్తిగా టూరిస్టు ఊరు. వేసవిలో గదుల రేట్లు చుక్కలంటుతాయి. ఊరి కథ అడిగితే చెప్పేవాళ్ళకి తీరిక ఉండదు.

ఎత్తు సంగతి కూడా చూసుకోండి. ఊరు సముద్రమట్టానికి 6,700 అడుగుల పైన ఉంది. ఆయాసం ఉన్న పెద్దవాళ్ళు మొదటిరోజు నెమ్మదిగా నడవాలి. డిసెంబరు నుంచి మార్చి దాకా మంచు పడుతుంది. వేగస్ నుంచి పల్చటి జాకెట్‌తో వచ్చినవాళ్ళు ఇక్కడ గజగజ వణుకుతారు.

కథ కావాలంటే సెలిగ్‌మన్

నన్ను ఒక్క ఊరే చెప్పమంటే సెలిగ్‌మన్ అంటాను. ఊరంటే ఎంతో కాదు, వెయ్యి మంది కూడా లేరు. ఒకటే వీధి. అటు చివర నుంచి ఇటు చివరకి నడిస్తే ఇరవై నిమిషాలు. కానీ రూట్ 66 ఇవాళ బతికి ఉందంటే అది ఈ ఊరి పుణ్యమే.

1978 సెప్టెంబరు 22న ఐ-40 తెరుచుకుంది. ఆ రోజు పొద్దున ఉన్న రద్దీ మధ్యాహ్నానికి లేదు. ఊళ్ళో మంగలి షాపు నడిపే ఏంజెల్ డెల్గడిల్యో ఇదంతా కళ్ళారా చూశాడు. 1927లో ఈ ఊళ్ళోనే, ఈ రోడ్డు పక్కనే పుట్టినవాడు. కొత్త రోడ్డు మీద సెలిగ్‌మన్ అనే పేరుతో సరైన బోర్డు కూడా పెట్టలేదని ఆయన బాధ. తొమ్మిదేళ్ళపాటు ఊరు ఎండిపోవడం చూసి, 1987లో పక్క ఊళ్ళవాళ్ళని పోగుచేసి ఓ సంఘం పెట్టాడు. ఈ రోడ్డుని చారిత్రక రహదారిగా ప్రకటించమని రాష్ట్ర ప్రభుత్వం వెంటపడ్డారు. అదే ఏడాది నవంబరులో ఆరిజోనా ఒప్పుకుంది. అది చూసి మిగతా రాష్ట్రాల్లోనూ ఇలాంటి సంఘాలు లేచాయి. మీ పిల్లలు చూసే ఎర్ర కారు యానిమేషన్ సినిమా ఉంది కదా, హైవే పక్కకి పోయి మూలపడ్డ ఊరి కథ, అది తీసినవాళ్ళు వచ్చి విన్నది కూడా ఈయన మాటలే.

ఆయన షాపులోకి తప్పకుండా వెళ్ళండి. ముందుభాగం ఇప్పుడు గిఫ్టు షాపు, కుటుంబం నడుపుతోంది. లోపల పాత మంగలి కుర్చీ అలాగే ఉంది. గోడ కనబడకుండా విజిటింగ్ కార్డులు, రకరకాల దేశాల నోట్లు అంటించి ఉంటాయి. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి వదిలి వెళ్ళినవి. ఓ గోడ దగ్గర పదినిమిషాలు నిలబడి చదివితే ఇన్ని దేశాలవాళ్ళు ఇంత చిన్న ఊరికి ఎందుకు వచ్చారా అని ఆశ్చర్యం వేస్తుంది.

ఆ పక్కనే ఏంజెల్ అన్న హువాన్ 1953లో రైల్వేవాళ్ళు పారేసిన చెక్కతో కట్టిన స్నో క్యాప్ అనే చిన్న హోటల్ ఉంది. తలుపుకి రెండు పిడులు ఉంటాయి, ఒకటి ఉత్తుత్తిది. ‘క్షమించాలి, షాపు తెరిచే ఉంది’ అని బోర్డు. ఆవాల సాస్ సీసా మీ మీదకి నొక్కుతారు, ఉలిక్కిపడి చూస్తే అందులోంచి పసుపురంగు దారం వస్తుంది. హువాన్ 2004లో పోయాడు, ఆయన పిల్లలు ఈ అల్లరిని వదలకుండా కొనసాగించారు. చలికాలంలో మూసేస్తారు, దానికోసమే వెళ్ళేటట్టయితే వసంతం నుంచి శరదృతువు మధ్యలో వెళ్ళండి.

వేగస్ నుంచి కేన్యన్‌కి వెళ్ళే బస్సులు ఇక్కడ ఆగేది పగటిపూటే. ఆ రద్దీలో దిగితే మీకూ గిఫ్టు షాపులే కనబడతాయి. అందుకే సాయంత్రం నాలుగు దాటాక చేరేలా చూసుకోండి. గదులు పాత మోటెళ్ళలోనే. గోడలు పల్చన, పరుపులు మామూలు. శుభ్రంగా ఉంటే చాలు అనుకునే ఇద్దరికి, లేదా నలుగురు స్నేహితులకి హాయిగా సరిపోతుంది. ఏసీ ఎలా ఉంటుందో, గీజర్ పనిచేస్తుందో లేదో అని మనసు పీకేవాళ్ళకి మాత్రం వద్దంటాను, విలియమ్స్ 40 నిమిషాల దూరంలోనే ఉంది.

సెలిగ్‌మన్‌కి ఎలా వెళ్ళాలన్నదీ ముఖ్యమే. కింగ్‌మన్ నుంచి ఐ-40 మీద గంట. పాత రోడ్డు మీద 87 మైళ్ళు, గంటన్నర పైనే. ఆ అదనపు సమయం పెట్టండి. కింగ్‌మన్ దగ్గర 53వ ఎగ్జిట్‌లో దిగితే పాత రోడ్డు మొదలవుతుంది. ఫోన్‌లో మ్యాప్ మాత్రం మిమ్మల్ని ప్రతి మలుపులోనూ ఐ-40కే లాగుతుంది, కాబట్టి హ్యాక్‌బెర్రీ, పీచ్ స్ప్రింగ్స్ అని మధ్యలో ఆగే చోట్లుగా పెట్టుకోండి. హ్యాక్‌బెర్రీలో పాత కిరాణా కొట్టు ముందు పాతకాలం పెట్రోలు పంపులు, తుప్పుపట్టిన కార్లు ఉంటాయి. పీచ్ స్ప్రింగ్స్ హువలపై తెగవాళ్ళ రాజధాని. గాజు వంతెన ఉన్న గ్రాండ్ కేన్యన్ వెస్ట్ కూడా వాళ్ళ భూమే. దారి పొడుగునా బర్మా-షేవ్ అనే షేవింగ్ క్రీము వాళ్ళ చిన్న ఎర్ర బోర్డులు వస్తాయి. ఒక్కో బోర్డు మీద ఒక్కో ముక్క, ఐదారు కలిపితే ఓ ప్రాసపద్యం. పిల్లలచేత గట్టిగా చదివించండి, ఎడారి ఇట్టే గడిచిపోతుంది. సెలిగ్‌మన్ దాటి తూర్పుకి వెళ్ళేటప్పుడు కూడా వెంటనే ఐ-40 ఎక్కకుండా క్రుక్‌టన్ రోడ్డు మీద వెళ్తే 139వ ఎగ్జిట్ దాకా పాత రోడ్డే.

ఏటా మే మొదటి వారాంతంలో సెలిగ్‌మన్ నుంచి పాత కార్ల ఊరేగింపు బయల్దేరుతుంది. కార్లంటే ప్రాణం పెట్టేవాళ్ళకి అంతకన్నా మంచి రోజు లేదు. మిగతావాళ్ళు ఆ వారం తప్పించుకోండి, గది దొరకదు.

ఓట్‌మన్‌లో రాత్రి ఉండలేరు

ఇది బంగారు గనుల ఊరు. 1915లో ఇక్కడ పెద్ద నిక్షేపం బయటపడి వేలమంది వచ్చారు, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో గనులు మూతపడ్డాయి. రోడ్డు కూడా 1950ల మొదట్లోనే వేరే దారి పట్టింది. గనుల్లో మట్టి మోయడానికి తెచ్చిన గాడిదల్ని అప్పుడు వదిలేసి వెళ్ళారు. వాటి సంతతి ఇప్పుడు ఊరి నడివీధిలో తిరుగుతుంటుంది. 1971 నాటి చట్టం ప్రకారం అవి రక్షణ ఉన్న అడవి జంతువులు. పొద్దున కొండ దిగి వస్తాయి, సాయంత్రం వెళ్ళిపోతాయి. దుకాణాల్లో అమ్మే గడ్డి బిళ్ళలు తప్ప ఇంకేమీ పెట్టకండి. గాడిద పిల్లలకైతే అసలేమీ పెట్టొద్దని వాటి నుదుటి మీదే స్టిక్కర్ అంటించి ఉంటుంది. క్యారెట్లు, చిప్స్ తినిపించి ఫొటో తీసుకునేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. వాటి కడుపు పాడైతే చూసే పశువైద్యుడు ఆ కొండల్లో ఉండడు.

కింగ్‌మన్ నుంచి ఓట్‌మన్ 28 మైళ్ళే, కానీ గంట పడుతుంది. సిట్‌గ్రీవ్స్ పాస్ అనే కనుమ దగ్గర దారి 3,500 అడుగుల పైకి ఎక్కి, హెయిర్‌పిన్ మలుపులతో దిగుతుంది. తిరుమల ఘాట్ రోడ్డుకి పక్కన పిట్టగోడైనా ఉంటుంది, ఇక్కడ చాలాచోట్ల అదీ లేదు. 40 అడుగులు దాటిన బండ్లని రానివ్వరు. పాతరోజుల్లో ఫోర్డ్ మోడల్ టి కార్లకి పెట్రోలు పంపు ఉండేది కాదు. ట్యాంకులోంచి పెట్రోలు దానంతటదే కిందకి పారి ఇంజన్ చేరాలి. నిటారు ఎక్కుడులో కారు ముక్కు పైకి లేస్తే పెట్రోలు అందదు. అందుకని కొందరు కారుని వెనక్కి తిప్పి రివర్స్ గేరులో ఈ కొండ ఎక్కేవాళ్ళు. ఆ మలుపుల్లో ఒకచోట ఆగి కిందకి చూస్తే వాళ్ళ ధైర్యం తెలుస్తుంది.

నడపడం ఇష్టమున్నవాళ్ళకి ఇది నాలుగింటిలోనూ మంచి డ్రైవ్. కడుపులో తిప్పేవాళ్ళకి, ఎత్తంటే కళ్ళు తిరిగేవాళ్ళకి వద్దు. సాయంత్రం ఐదుకల్లా దుకాణాలు కట్టేస్తారు, బస దాదాపు లేనట్టే. కాబట్టి దీన్ని రాత్రి ఉండే ఊళ్ళతో పోల్చడం సరికాదు. లాఫ్లిన్‌లోనో కింగ్‌మన్‌లోనో గది తీసుకుని పగలు ఓ పూట వెళ్ళి రండి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఆ నెలల్లో వెళ్ళకపోతేనే నయం.

పెద్దవాళ్ళతో వెళ్తే విన్‌స్లో

అరవై దాటిన అమ్మానాన్నలో అత్తమామలో వెంట ఉంటే విలియమ్స్ కన్నా విన్‌స్లోకే నా ఓటు. ఊరు చూడటానికి మామూలే, కొన్ని వీధులు ఖాళీగా ఉంటాయి. 1972 నాటి ఓ పాటలో ఈ ఊరి పేరు వచ్చిందని వీధిమూల ఓ విగ్రహం, ఎర్ర ట్రక్కు పెట్టారు. జనం అక్కడ ఫొటో దిగి పది నిమిషాల్లో వెళ్ళిపోతారు. వెళ్ళిపోకండి, లా పోసాడా అనే హోటల్ కోసం ఆగండి.

రైలు ప్రయాణికుల కోసం ఫ్రెడ్ హార్వీ కంపెనీ 1930లో కట్టించిన హోటల్ అది. గీసింది మేరీ కోల్టర్ అనే ఆవిడ. గ్రాండ్ కేన్యన్ అంచున ఉన్న రాతి కట్టడాల్లో చాలా వాటిని రూపొందించింది కూడా ఈవిడే. రైళ్ళు తగ్గి 1957లో హోటల్ మూసేశారు. సామాన్లు వేలం వేసి, గదుల్ని రైల్వే ఆఫీసులుగా వాడుకున్నారు. 1997లో ఓ కుటుంబం కొని, ఏళ్ళ తరబడి బాగుచేసి మళ్ళీ తెరిచింది. ఎత్తైన పైకప్పులు, చెక్క దూలాలు, చేత్తో రంగులద్దిన కిటికీలు, పెద్ద తోట. ఓ పక్క రూట్ 66, ఇంకో పక్క రైలు పట్టాలు. రాత్రంతా గూడ్సు బళ్ళు వెళ్తూనే ఉంటాయి. నిద్ర తేలిగ్గా చెదిరేవాళ్ళు పట్టాలకి దూరంగా ఉన్న గది అడగండి. మా మామగారు మాత్రం తోటలో కుర్చీ వేసుకుని వ్యాగన్లు లెక్కపెడుతూ రెండు గంటలు కదల్లేదు. నూట ఇరవై దాటాక లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఇలా కూర్చునే చూడగలిగినవి ఈ దారిలో తక్కువ.

పగలు చూడటానికి విన్‌స్లోకి పడమర మీటియర్ క్రేటర్ ఉంది. 50,000 ఏళ్ళ కిందట ఉల్క పడ్డ గొయ్యి, ముప్పావు మైలు వెడల్పు. అపోలో వ్యోమగాములు శిక్షణ పొందిందీ అక్కడే. తూర్పున గంటలోపు పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్కు. రాయిగా మారిన చెట్ల దుంగలు చూడటానికి వెళ్తాం గానీ, పాత రూట్ 66 ముక్క లోపల ఉన్న నేషనల్ పార్కు ఇదొక్కటే. ఇప్పుడు అక్కడ రోడ్డు లేదు. గడ్డిలో 1932 నాటి స్టూడెబేకర్ కారు గుల్ల ఒకటి, దాని వెనక వరసగా పాత టెలిఫోన్ స్తంభాలు మిగిలాయి. ఆ స్తంభాల వరస చూస్తే రోడ్డు ఎటు వెళ్ళేదో తెలిసిపోతుంది.

మధ్యలో హోల్‌బ్రుక్‌లో విగ్‌వామ్ మోటెల్ ఉంది. 1950లో కట్టిన 15 సిమెంటు గుడారాలు, ఒక్కోటీ ఒక గది, ముందు పాత కారు. పిల్లలు ఎగిరి గంతేస్తారు. గది ఇరుకు, నలుగురు పట్టడం కష్టం. ఒక విషయం పిల్లలకి చెప్పండి: ఈ ఆకారం గుడారాలు మైదాన ప్రాంతపు తెగలవి, ఇక్కడి నవాహోలు ఉండేది హోగన్ అనే గుండ్రటి మట్టి, చెక్క ఇళ్ళలో. బాటసారుల్ని ఆకర్షించడానికి ఎవరి గుర్తునో తెచ్చి ఇక్కడ పెట్టారు. ఈ దారి మీద పాత జ్ఞాపకాలు అందరికీ ఒకేలా తియ్యగా లేవు. 1950ల దాకా నల్లవాళ్ళకి రాత్రి గది ఇచ్చే మోటెళ్ళు ఈ దారిలో చాలా తక్కువ. తర్వాతి రోజుల్లో గుజరాత్ నుంచి వచ్చిన పటేళ్ళు పాత మోటెళ్ళు కొని నిలబెడితే, పోటీవాళ్ళు ‘అమెరికన్ ఓన్డ్’ అని బోర్డులు కట్టి వాళ్ళ దగ్గరికి ఎవరూ వెళ్ళకుండా చూశారు. ఇవాళ మీకు గది తాళం ఇచ్చేది ఆ కుటుంబాల్లో ఒకరు కావచ్చు. తీరిక దొరికితే పలకరించండి, కౌంటర్ అవతల ముప్పై నలభై ఏళ్ళ కథ ఉంటుంది.

తిండి, టైము

శాకాహారులకి ఈ ఊళ్ళన్నీ కొంచెం కష్టమే. డైనర్లలో ఫ్రైస్, గ్రిల్డ్ చీజ్, ప్యాన్‌కేకులు, పై దొరుకుతాయి. మెక్సికన్ హోటళ్ళలో బీన్స్ బురిటో బాగుంటుంది గానీ, ఆ బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారేమో అడిగి తీసుకోండి. నాలుగింటిలో విలియమ్స్ ఈ విషయంలో మెరుగు. రైస్ కుక్కరు, ఆవకాయ తెచ్చుకునేవాళ్ళు మోటెల్ గదిలో పోపు మాత్రం పెట్టకండి, పొగ అలారం మోగుతుంది.

ఆరిజోనాలో గడియారం మార్చరు. వేగస్‌తో పోలిస్తే వేసవిలో ఒకటే టైము, చలికాలంలో ఆరిజోనా గంట ముందు. చలికాలంలో వేగస్ నుంచి రైలుకో బుకింగ్‌కో వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. విన్‌స్లోకి ఉత్తరాన నవాహో తెగవాళ్ళ ప్రాంతం నవాహో నేషన్ మాత్రం వేసవిలో గడియారం మారుస్తుంది. ఆ దగ్గర్లో ఫోన్ టైము గంట ముందుకి దూకితే కంగారు పడకండి. పాత రోడ్డు మీద పెట్రోలు బంకులు తక్కువ, సిగ్నల్ ఉండదు. కింగ్‌మన్‌లో ట్యాంకు నింపుకుని, మ్యాపు ఫోన్‌లో దించుకుని బయల్దేరండి.

డాలస్ నుంచి, షికాగో నుంచి

డాలస్ వాళ్ళు శాంటా ఫేకో ఆల్బకర్కీకో వెళ్ళేటప్పుడు అమరిల్లోలో పడుకుంటారు. ఇంకో 110 మైళ్ళు ఓపిక పట్టి న్యూ మెక్సికోలో టుకుమ్‌కరి దాకా వెళ్ళండి, టైమ్ జోన్ మారి గంట కలిసొస్తుంది కూడా. నియాన్ కోసమే వెళ్ళేటట్టయితే ఆరిజోనా ఊళ్ళన్నిటికన్నా ఇదే ముందు. 1939లో కట్టిన బ్లూ స్వాలో మోటెల్‌లో ఒక్కో గదికీ పక్కనే దాని సొంత గ్యారేజీ. చీకటి పడగానే నీలం, గులాబీ రంగుల్లో పిట్ట బొమ్మ వెలుగుతుంది, బస చేసినవాళ్ళంతా గది ముందు ఇనప కుర్చీల్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. గదులు కొద్దిగానే ఉంటాయి, ముందే బుక్ చేసుకోవాలి. దారిలో అమరిల్లో పక్కన నేలలో తలకిందులుగా పాతిన పది క్యాడిలాక్ కార్లు, ఆ తర్వాత షికాగోకీ లాస్ ఏంజెలిస్‌కీ నడిమధ్యలో ఉన్న ఏడ్రియన్ అనే ఊరు వస్తాయి. పగలు టుకుమ్‌కరిలో పెద్దగా పని లేదు, పిల్లలుంటే డైనోసార్ మ్యూజియం ఒకటి ఉంది.

షికాగో చుట్టుపక్కల, అరోరా బాలాజీ గుడికి దగ్గర్లో ఉండేవాళ్ళకి రాత్రి బస కూడా అక్కర్లేదు. పాంటియాక్ వంద మైళ్ళ లోపే. పాత ఫైర్ స్టేషన్‌లో పెట్టిన రూట్ 66 మ్యూజియం, దాని వెనక గోడ మీద భవనమంత రూట్ 66 గుర్తు, ఊరంతా గోడబొమ్మలు. ఈ దారి బొమ్మలు గీస్తూ జీవితమంతా దాని మీదే తిరిగిన బాబ్ వాల్డ్‌మైర్ అనే చిత్రకారుడి ఫోక్స్‌వాగన్ వ్యాను కూడా ఇక్కడే ఉంది. అందులోనే వండుకుని అందులోనే పడుకునేవాడు. లోపల ఆయన సామాన్లు చూడటానికే ఓ అరగంట పడుతుంది. ఊరి పక్కన నది మీద ఊగే వంతెనలు మూడున్నాయి, పిల్లలు వాటిని వదిలి రారు. వెళ్ళేటప్పుడు ఐ-55 మీద సాగిపోకుండా ఓడెల్ దగ్గర దిగండి. 1932 నాటి చిన్న పెట్రోలు బంకు తెల్లటి రంగుతో చక్కగా బాగుచేసి ఉంది. అక్కడినుంచి పాంటియాక్ దాకా పది మైళ్ళూ పాత రోడ్డు మీదే వెళ్ళొచ్చు.